రీసైజింగ్ డై: కాలిన తూటా గొట్టాన్ని మళ్లీ కొలతకు తేవడం

రైఫిల్ ట్రిగ్గర్ నొక్కాక తూటాలో మిగిలేది ఒక్కటే. మందును అంటించే ప్రైమర్ పేలిపోతుంది, మందు మండిపోతుంది, గుండు ఎగిరిపోతుంది. ఇత్తడి గొట్టం మాత్రం మెడ మీద మసితో, చేత్తో ముట్టుకోలేనంత వేడిగా బయటికొచ్చి నేల మీద పడుతుంది. తూటా భాగాల్లో ఖరీదైనది అదే. అందులో కొత్త ప్రైమర్, కొత్త మందు, కొత్త గుండు పెట్టి మళ్లీ తూటాగా కట్టుకోవడాన్ని రీలోడింగ్ అంటారు. పేలుడు ఒత్తిడికి ఉబ్బిన గొట్టం మళ్లీ ఛాంబర్‌లోకి, అంటే రైఫిల్‌లో తూటా కూర్చునే గదిలోకి, సాఫీగా దూరాలంటే ముందు దాన్ని కుదించాలి. ఆ పని చేసే ఉక్కు అచ్చే రీసైజింగ్ డై.

డై కొనడం తేలిక, దాన్ని ప్రెస్‌లో ఎంత లోతుకు బిగించాలన్నదే కష్టం. పెట్టెలో వచ్చే కాగితం ఒక లోతు చెబుతుంది. ఆ లోతు ఏ రైఫిల్‌కైనా పనికొచ్చే తూటాను తయారు చేస్తుంది కాబట్టి కాగితం రాసినవారిని తప్పు పట్టలేం. కానీ మీ రైఫిల్‌కు ఏది సరైనదో చెప్పగలిగేది ఆ రైఫిల్‌లో కాలి బయటికొచ్చిన గొట్టం ఒక్కటే. దాని మీది కొలతను చదివి, డైని దానికి తగ్గట్టు సర్దుకోవడంలోనే ఈ పనితనమంతా ఉంది. గొట్టం ఎన్నిసార్లు పనికొస్తుంది, గుండు ఎంత గురిగా పోతుంది, అన్నిటికంటే ముఖ్యంగా కాల్చేవారి కళ్లు, వేళ్లు ఎంత భద్రంగా ఉంటాయి అనేవి ఈ సర్దుబాటు మీద ఆధారపడతాయి.

గొట్టం, దాని ఇత్తడి

నీళ్ల బిందెకు చెప్పినట్టే తూటా గొట్టానికీ అవయవాలు చెప్పుకోవచ్చు: అడుగు, పొట్ట, భుజం, మెడ. అడుగున ప్రైమర్ కూర్చునే గుంట ఉంటుంది. కాల్చిన గొట్టాన్ని బయటికి లాగే కొక్కెం పట్టుకోవడానికి చుట్టూ ఒక అంచు ఉంటుంది. అడుగు దళసరిగా, గట్టిగా ఉండి, పొట్ట పైకి పోయేకొద్దీ గోడ పల్చబడుతుంది. భుజం దగ్గర వాలు తిరిగి సన్నని మెడ అవుతుంది. గుండును పట్టి ఉంచేది ఆ మెడే.

లోహం 70 పాళ్లు రాగి, 30 పాళ్లు తుత్తునాగం. ఈ పాళ్ల మిశ్రమానికి కార్ట్రిడ్జ్ బ్రాస్ అన్న పేరే స్థిరపడిపోయింది. రేకులోంచి బిళ్ల కోసి, గిన్నెలా వంచి, ఒక అచ్చు తర్వాత ఒక అచ్చులోంచి సాగదీస్తారు. సాగదీసిన ప్రతిసారీ ఇత్తడి బిగుసుకుంటుంది, అందుకని మధ్యమధ్య కాచి మెత్తబరుస్తారు. పెంబర్తిలో ఇత్తడి రేకు మీద నగిషీ కొట్టేవారికి, బుడితిలో పాత్రలు చేసేవారికి ఇది రోజూ చేతికి తగిలే సంగతే. సుత్తి దెబ్బలు తిన్న ఇత్తడి మొండికేస్తుంది, నిప్పు చూపిస్తే మళ్లీ మాట వింటుంది. తూటా గొట్టంలో ఆ మొండితనాన్ని కావాలనే చోటు చోటుకూ వేరుగా ఉంచుతారు. ఒత్తిడిని తట్టుకోవాల్సిన అడుగు గట్టిగానే ఉండాలి, సాగి ముడుచుకోవాల్సిన మెడ మెత్తగా ఉండాలి.

ఇత్తడినే ఎందుకు ఎంచుకున్నారంటే దాని సాగుడు గుణం వల్ల. ఒకే బరువు కింద ఇత్తడి ఉక్కు కంటే దాదాపు రెట్టింపు సాగి, బరువు తీయగానే వెనక్కి వస్తుంది. పేలినప్పుడు గొట్టం ఉబ్బి ఛాంబర్ గోడకు అతుక్కుంటుంది కాబట్టి వాయువు వెనక్కి, అంటే కాల్చేవారి ముఖం మీదికి రాకుండా ఆగుతుంది. ఒత్తిడి తగ్గగానే వెంట్రుకవాసి ముడుచుకుని గోడను వదిలేస్తుంది. ఆ వెంట్రుకవాసి మినహాయిస్తే, బయటికొచ్చిన గొట్టం ఆ ఛాంబర్‌కు పోతపోసిన నమూనా లాంటిది.

హెడ్‌స్పేస్

ఛాంబర్‌ను వెనక నుంచి మూసే బోల్ట్‌ను బిగించినప్పుడు దాని ముఖానికీ, తూటా ఇక ముందుకు జారకుండా ఛాంబర్‌లో ఆనుకునే చోటికీ మధ్య దూరాన్ని హెడ్‌స్పేస్ అంటారు. ఆనుకునే చోటు అన్ని తూటాలకూ ఒకటి కాదు. .303 బ్రిటిష్ తూటా వెడల్పాటి అంచు మీద ఆగుతుంది. 1912 నాటి .375 హాలండ్ అండ్ హాలండ్ మాగ్నం అంచుకు కాస్త పైన ఉన్న పట్టీ మీద ఆగుతుంది. 1906 నాటి .30-06, 1952లో వచ్చిన .308 విన్‌చెస్టర్, ఈ రోజు వాడుకలో ఉన్న ఎక్కువ రైఫిల్ తూటాలు భుజం మీద ఆగుతాయి. డై సర్దుబాటు గురించిన చర్చంతా ముఖ్యంగా ఈ మూడో రకం గురించే.

భుజం వాలుగా ఉంటుంది, మరి కొలత ఎక్కడి నుంచి? వాలు మీద ఫలానా వ్యాసం ఉన్న చోటును గీతగా అనుకుంటారు. .308కు ఆ వ్యాసం 0.400 అంగుళం. అడుగు నుంచి ఆ గీత దాకా ఛాంబర్ కనీసం 1.630 అంగుళాలు ఉండాలి, గో గేజ్ అనే ఉక్కు దిమ్మ పొడవు ఇదే. నో-గో గేజ్ 1.634. మొదటి దాని మీద బోల్ట్ మూసుకోవాలి, రెండో దాని మీద మూసుకోకూడదు. రెండింటికీ తేడా అంగుళంలో వెయ్యో వంతులు నాలుగు. మన లేత్ షాపుల భాషలో నాలుగు థౌలు, మిల్లీమీటరులో పదో వంతు. ఒక మామూలు తెల్ల కాగితం మందం అది. రీలోడింగ్ చేసేవారు ఆడుకునేది ఆ కాగితం మందంలోనే.

గొట్టం ఛాంబర్ కంటే బాగా పొట్టిగా ఉందనుకోండి. ఫైరింగ్ పిన్ దెబ్బకు తూటా ముందుకు జారుతుంది. మందు అంటుకోగానే పల్చని ముందు భాగం ఉబ్బి గోడను కరుచుకుంటుంది, కదలదు. దళసరి అడుగు మాత్రం ఒత్తిడికి వెనక్కి జరిగి బోల్ట్ ముఖాన్ని తాకుతుంది. ముందు భాగం కదలక, వెనక భాగం జరిగితే మధ్యలో ఇత్తడి సాగాల్సిందే. అడుగుకు కాస్త పైన, దళసరి గోడ పల్చబడే చోట ఆ సాగుడు జరుగుతుంది. గొట్టాన్ని కుదించి కాల్చిన ప్రతిసారీ అదే చోట సాగి సాగి, ఒక రోజు అక్కడికి రెండు ముక్కలవుతుంది. .308 తూటాకు ఆమోదించిన గరిష్ఠ ఒత్తిడి చదరపు అంగుళానికి 62,000 పౌండ్లు. అంత ఒత్తిడిలో ఉన్న వాయువుకు వెనక్కి దారి దొరకడం ఎంత ప్రమాదమో విడిగా చెప్పక్కర్లేదు.

అచ్చు లోపల

రీలోడింగ్ ప్రెస్ బల్లకు బిగించిన మీట యంత్రం. మీట కిందికి లాగితే కడ్డీ పైకి లేస్తుంది. కడ్డీ కొసన షెల్ హోల్డర్ అనే చిన్న ఉక్కు బిళ్ల గొట్టం అంచును పట్టుకుంటుంది. పైన, ప్రెస్ నెత్తిన, డై మరలతో దిగి ఉంటుంది. డై మర కొలత చాలాకాలంగా ఒకటే: అంగుళంలో ఎనిమిదింట ఏడు వంతుల లావు, అంగుళానికి 14 చుట్లు. అందుకే ఒక కంపెనీ డై ఇంకో కంపెనీ ప్రెస్‌లో సరిపోతుంది. డై నడిమధ్య ఒక కడ్డీ ఉంటుంది. దాని చివరి సూది కాలిన ప్రైమర్‌ను బయటికి తోసేస్తుంది, సూదికి పైన ఉన్న గుండ్రటి ఎక్స్‌పాండర్ గుళిక, గొట్టం తిరిగి కిందికి దిగేటప్పుడు మెడ లోపలి కొలతను సరిచేస్తుంది.

కొత్తగా నేర్చుకునేవారిని బోల్తా కొట్టించే విషయం ఇక్కడే ఉంది. గొట్టం డైలోకి దూరేటప్పుడు ముందుగా బిగువు తగిలేది పొట్టకు, భుజానికి కాదు. చపాతీ పిండి ముద్దను గుప్పిట్లో పిసికితే బొటనవేలు పక్కనుంచి పైకి పొడుచుకొచ్చినట్టు, పొట్టను నొక్కగానే ఇత్తడి పైకి కదిలి భుజం ముందుకు జరుగుతుంది. అంటే డైని సగం లోతుకే బిగించి కుదిస్తే, గొట్టం కాలినప్పటి కంటే పొడవవుతుంది. కుదించాను కదా అనుకున్న తూటా మీద బోల్ట్ మూసుకోదు. డై ఇంకా కిందికి దిగి భుజాన్ని తాకాకే ఆ పొడవు తగ్గడం మొదలవుతుంది.

లోతు పట్టుకోవడం

పెట్టెలోని కాగితం చెప్పే పద్ధతి సాధారణంగా ఇది: షెల్ హోల్డర్‌ను పైదాకా లేపి, డై దాన్ని తాకేదాకా తిప్పి, కడ్డీ దించి, మరో ఎనిమిదో వంతు నుంచి పావు చుట్టు తిప్పి బిగించండి. అంగుళానికి 14 మరలంటే ఒక చుట్టుకు 71 థౌలు, ఎనిమిదో వంతుకు సుమారు 9. ఈ అదనపు తిప్పుడు ప్రెస్‌లోని వదులును, మీట లాగినప్పుడు దాని చట్రం వంగే వంకరను పోగొట్టడానికి. ఫలితంగా భుజం డై చేయగలిగినంత వెనక్కి పోతుంది. మీ ఛాంబర్ కనీస కొలతకు దగ్గరగా ఉంటే ఇది సరిపోతుంది. ఛాంబర్ గరిష్ఠ కొలత వైపు ఉంటే, ఒక్కో కాల్పుకూ గొట్టాన్ని ఏడెనిమిది థౌలు సాగదీస్తూ పోతారు, తెలియకుండానే.

కొలిచి బిగించే పద్ధతికి కావలసినవి ఒక కాలిపర్, దాని దవడకు తగిలించే కంపారేటర్ అనే రంధ్రపు బిళ్ల. గొట్టం భుజం ఆ రంధ్రంలో కూర్చుంటుంది, అడుగు నుంచి భుజం గీత దాకా ఉన్న దూరం కాలిపర్ మీద కనిపిస్తుంది. ముందుగా కాలిన ప్రైమర్‌ను తీసేయాలి, ఎందుకంటే పిన్ గుంట చుట్టూ లేచిన చిన్న గట్టు కొలతను చెడగొడుతుంది. ఒక్కసారి కాల్చిన గొట్టం ఛాంబర్‌ను పూర్తిగా నింపి ఉండకపోవచ్చు. మెడ మాత్రమే కుదిస్తూ రెండు మూడు సార్లు కాల్చి, బోల్ట్ మూసేటప్పుడు కాస్త బరువు తెలిసే స్థితికి వచ్చిన గొట్టాన్ని కొలిస్తే నమ్మదగ్గ అంకె దొరుకుతుంది.

ఉదాహరణకు .308 రైఫిల్ ఒకదానిలో అలా కాలిన గొట్టం 1.632 చూపించిందనుకుందాం. డైని షెల్ హోల్డర్‌కు తగలకుండా సగం చుట్టు పైన ఉంచి, కొవ్వు రాసిన గొట్టాన్ని కుదించి కొలిస్తే 1.635 రావచ్చు, పైన చెప్పిన పొడుచుకురావడం ఇదే. మరికాస్త దించితే 1.634, ఆ తర్వాత 1.632. ఇక్కడి నుంచి చెయ్యి నెమ్మదించాలి. ఒక చుట్టు 71 థౌలైతే ఒక థౌ అంటే అయిదు డిగ్రీల తిప్పుడు. గోడ గడియారంలో నిమిషాల ముల్లు ఒక్క గీత జరిగేది ఆరు డిగ్రీలు. డై నెత్తిన మార్కర్‌తో ఒక గీత, ప్రెస్ మీద ఇంకో గీత పెట్టుకుని, ఆ ముల్లు నడకలా ఒక్కో గీత దించుతూ, కుదిస్తూ, తుడిచి కొలుస్తూ పోవాలి. 1.630 దగ్గర ఆగాలి. బోల్ట్ యాక్షన్ రైఫిల్‌కు భుజాన్ని ఒకటి రెండు థౌలు వెనక్కి నెడితే చాలు. కాగితం మందంలో సగం అది. తనంతట తాను లోడయ్యే రైఫిల్‌కు మూడు నుంచి అయిదు థౌలు ఇవ్వాలి, ఎందుకంటే అక్కడ బోల్ట్‌ను మూసేది స్ప్రింగ్ ఒక్కటే, బిగువుగా ఉన్న తూటాను చేత్తో నెట్టి మూసే అవకాశం ఉండదు.

కాలిపర్ లేనివారికి కూడా దారి ఉంది, నా దృష్టిలో కాలిపర్ ఉన్నవారు కూడా దీన్ని వదులుకోకూడదు. బోల్ట్‌లోంచి ఫైరింగ్ పిన్‌ను, గొట్టాన్ని బయటికి విసిరే ఎజెక్టర్‌ను తీసేస్తే ఖాళీ ఛాంబర్‌లో బోల్ట్ పిడి తన బరువుకే కింద పడుతుంది. కుదించిన ఖాళీ గొట్టాన్ని పెట్టి మూస్తే, పొడవుగా ఉన్నప్పుడు పిడి మధ్యలోనే నిలబడిపోతుంది. డైని ఒక్కో గీత దించుతూ పరీక్షిస్తే, ఒక మెట్టు దగ్గర వేలితో చిన్నగా తాకగానే పిడి జారిపోతుంది. ఆ జారుడులోని తేడా వేలికి స్పష్టంగా తెలుస్తుంది, కొలత పరికరం లేకుండానే ఛాంబర్ తన మాట తానే చెప్పినట్టు ఉంటుంది. ఇలాంటి పరీక్షకు ఎప్పుడూ ప్రైమర్, మందు లేని గొట్టమే వాడాలి.

అమరిక కుదిరాక, డై కదలకుండా పట్టే లాక్ రింగ్‌ను బిగించేటప్పుడు గొట్టాన్ని డై లోపలే, మీట ఒత్తిడి కిందే ఉంచాలి. మరల మధ్య సన్నని వదులు ఉంటుంది కాబట్టి ఒత్తిడిలో ఉన్నప్పుడు బిగిస్తేనే డై గొట్టానికి తిన్నగా నిలుస్తుంది. బిగించాక మళ్లీ కొలవడం మరిచిపోకూడదు, రింగ్ బిగింపే ఒక థౌ మార్చేయగలదు.

డైని తిప్పకుండానే కొలత మార్చే ఉపాయం కూడా ఉంది. షెల్ హోల్డర్ పై అంచు మామూలుగా ఎనిమిదో వంతు అంగుళం, అంటే మన వడ్రంగులు, ఫిట్టర్లు చెప్పే ఒక సూత్ ఎత్తు ఉంటుంది. రెడింగ్ కంపెనీ దీన్ని 2, 4, 6, 8, 10 థౌల అదనపు ఎత్తుతో అయిదు బిళ్లల సెట్‌గా అమ్ముతుంది. డైని గట్టిగా షెల్ హోల్డర్‌కు ఆనించి బిగించి, బిళ్ల మారుస్తే భుజం కొలత మారుతుంది. ప్రతిసారీ ఉక్కుకు ఉక్కు ఆనుతుంది కాబట్టి ప్రెస్ వంకర వల్ల వచ్చే హెచ్చుతగ్గులు తగ్గుతాయి. ఒకే డైతో రెండు రైఫిళ్లకు పనిచేసుకునేవారికి ఇది బాగా నప్పుతుంది.

కొవ్వు సంగతి చిన్నదిగా కనిపిస్తుంది, ఇబ్బంది మాత్రం పెద్దది. ఉన్ని నుంచి తీసే లానొలిన్ లాంటి దళసరి కొవ్వును వేళ్ల మధ్య పల్చగా చేసి పొట్టకు రాయాలి. తక్కువైతే గొట్టం డైలో ఇరుక్కుంటుంది. మీట వెనక్కి లాగితే అంచు చిరిగి షెల్ హోల్డర్‌లో మిగులుతుంది, గొట్టం మాత్రం రాదు. అప్పుడు అడుగుకు రంధ్రం చేసి, లోపల మర కోసి, బోల్ట్ బిగించి లాగడమే గతి. భుజం మీద ఎక్కువైతే ఆ కొవ్వు పోవడానికి చోటు లేక ఇత్తడినే నొక్కి సొట్ట చేస్తుంది.

మెడ

భుజం భద్రతకు సంబంధించినదైతే మెడ గురికి సంబంధించినది. మామూలు డై మెడను అవసరానికి మించి కుదిస్తుంది, ఎందుకంటే ఎంత పల్చని గోడ ఉన్న గొట్టానికైనా పట్టు రావాలి. ఆ తర్వాత ఎక్స్‌పాండర్ గుళిక దాన్ని మళ్లీ వెడల్పు చేస్తుంది. నలిపి సాగదీసే ఈ పనిలో ఇత్తడి త్వరగా బిగుసుకుంటుంది, గుళికను పొడిగా లాగితే మెడ వంకరపోతుంది, భుజం కూడా ఒకటి రెండు థౌలు ముందుకు రావచ్చు. భుజం కొలత అర్థం లేకుండా మారుతుంటే ముందుగా అనుమానించాల్సింది ఈ గుళికనే. మెడ లోపల కాస్త గ్రాఫైట్ పొడి రాస్తే చాలావరకు సర్దుకుంటుంది.

బుషింగ్ డైలలో మెడను కుదించే ఉక్కు ఉంగరాన్ని మార్చుకోవచ్చు. గుండు కూర్చున్న తూటా మెడ బయటి వ్యాసం కొలిచి, దానికంటే ఒకటి రెండు థౌలు చిన్న ఉంగరం ఎంచుకుంటే గుళిక అవసరమే ఉండదు. మెడ మాత్రమే కుదించే డైలు వేరుగా ఉన్నాయి. ఒకే రైఫిల్‌లో, తక్కువ ఒత్తిడి తూటాలతో అవి బాగానే పనిచేస్తాయి. అయితే కొన్ని కాల్పుల తర్వాత పొట్ట, భుజం బిగుసుకుని ఎలాగూ పూర్తి డై దగ్గరికి రావాల్సి వస్తుంది.

త్రీ నాట్ త్రీ పాఠం

మన పోలీసుల భుజాన తరాలపాటు కనిపించిన త్రీ నాట్ త్రీ రైఫిల్ తూటా, 1888లో బ్రిటిష్ సైన్యంలోకి వచ్చినది, ఈ విషయంలో మంచి పాఠం. అది అంచు మీద ఆగే తూటా కాబట్టి భుజం కొలత ఎలా ఉన్నా బోల్ట్ మూసుకుంటుంది, పేలుతుంది. బురదలో, దుమ్ములో కూడా పనిచేయాలని ఆ తూటాను కాల్చే లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్ ఛాంబర్‌ను వదులుగా కోశారు. పైగా ఆ రైఫిల్ బోల్ట్ వెనక భాగంలో తాళం పడుతుంది కాబట్టి కాల్చినప్పుడు కొద్దిగా వెనక్కి సాగుతుంది. సైన్యం గొట్టాన్ని ఒక్కసారే వాడుతుంది, దానికి నష్టం లేదు. రీలోడింగ్ చేసేవారు మాత్రం డైని అడుగుదాకా బిగిస్తే, ముందుకు జరిగిన భుజాన్ని ప్రతిసారీ పుస్తకం కొలతకు వెనక్కి నెట్టి, ప్రతిసారీ పొట్టను సాగదీస్తారు. గొట్టం కొద్ది కాల్పులకే అడుగు దగ్గర విరిగిపోతుంది. ఈ తూటాను కూడా భుజం మీద ఆగేదానిలాగే చూసి, ఛాంబర్‌లో పుట్టిన భుజాన్ని వీలైనంత కదపకుండా వదిలేస్తే ఆయుష్షు బాగా పెరుగుతుంది.

బ్రిటిష్ సైనిక తూటాలతో ఇంకో చిక్కు ప్రైమర్‌ది, దానికి ఒక చరిత్ర ఉంది. బ్రిటిష్ అధికారి ఎడ్వర్డ్ బాక్సర్, అమెరికన్ హైరమ్ బెర్డాన్ 1866లో చెరో రకం ప్రైమర్ తెచ్చారు. బాక్సర్ పద్ధతిలో గొట్టం అడుగున మధ్యలో ఒకే రంధ్రం ఉంటుంది, డై సూది తిన్నగా అందులోంచి దిగి ప్రైమర్‌ను తోసేస్తుంది. బెర్డాన్ పద్ధతిలో మధ్యలో చిన్న దిమ్మ, పక్కన రెండు రంధ్రాలు ఉంటాయి, సూది దిగదు. అమెరికా బ్రిటిష్ వాడి ప్రైమర్‌ను, బ్రిటిష్ సైన్యం అమెరికన్ ప్రైమర్‌ను వాడుకలోకి తెచ్చుకున్నాయి. అమెరికాలో రీలోడింగ్ ఇంటింటి వ్యాపకం కావడానికి ఆ మధ్య రంధ్రం పెద్ద కారణమని నా అభిప్రాయం.

ఎక్కడ, ఎవరు

ఈ పని అసలు ఊరు అమెరికా. దుకాణాలు దూరంగా ఉన్న పడమటి మైదానాల వేటగాళ్లు 19వ శతాబ్దంలోనే గొట్టాలను మళ్లీ నింపుకునేవారు. 1884లో జాన్ బార్లో కనెక్టికట్‌లో పెట్టిన ఐడియల్ కంపెనీ పటకారు ఆకారపు పనిముట్లు అమ్మింది, 1925లో దాన్ని లైమన్ కంపెనీ కొనుక్కుంది. 1943లో ఫ్రెడ్ హంటింగ్టన్ కాలిఫోర్నియాలోని ఓరోవిల్‌లో మొదలుపెట్టిన ఆర్‌సీబీఎస్, నెబ్రాస్కాలోని హోర్నడీ, విస్కాన్సిన్‌లోని లీ ప్రిసిషన్, న్యూయార్క్ రాష్ట్రంలోని రెడింగ్ ఈ రంగంలో పెద్ద పేర్లు. సొంత వాడకానికి తూటాలు కట్టుకోవడానికి అక్కడ ఫెడరల్ లైసెన్స్ అక్కర్లేదు, అమ్మాలంటే కావాలి.

భారతదేశంలో సంగతి పూర్తిగా వేరు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్స్ లేకుండా తూటాలు తయారు చేయడం నేరం. తూటాల భాగాలు, వాటిని తయారుచేసే యంత్రాలు కూడా ఆ చట్టం చెప్పే ‘అమ్యూనిషన్’ నిర్వచనంలోకే వస్తాయి. అమెరికాలో ఈ వ్యాపకం పెట్టుకున్న తెలుగువారు సెలవుల్లో ఇంటికి వచ్చేటప్పుడు ఒక్క ఖాళీ గొట్టాన్నైనా సామానులో జ్ఞాపికగా పెట్టుకోకపోవడం మంచిది.

నిప్పు, అమ్మోనియా

ఒకే అమరికలో ఉంచిన డై నెల తర్వాత వేరే కొలత ఇస్తే తప్పు డైది కాకపోవచ్చు. కాలుతూ, కుదింపుకు గురవుతూ ఉన్న ఇత్తడి బిగుసుకుని, డైలోంచి బయటికి రాగానే ఎక్కువగా వెనక్కి లేస్తుంది. మెత్తని గొట్టం 1.630 చూపిస్తే, అయిదారు సార్లు కాలినది అదే అమరికలో 1.632 చూపించవచ్చు. దీనికి మందు నిప్పే. మెడను, భుజాన్ని కొద్ది సెకన్లపాటు మంటలో తిప్పి, చీకటి గదిలో ఎరుపు తొంగిచూసీ చూడగానే తీసేస్తారు. ఉక్కులా కాకుండా ఇత్తడిని నీళ్లలో ముంచినా గట్టిపడదు. అడుగుకు మాత్రం వేడి పాకకూడదు. అడుగు మెత్తబడిన గొట్టాన్ని మళ్లీ గట్టిగా చేసే మార్గం ఇంట్లో లేదు, దాన్ని కాల్చడం ప్రమాదం. నిప్పు చూపించాక డై కొలతను మళ్లీ మొదటి నుంచి చూసుకోవాలి.

ఇత్తడిలో దాగిన బిగువు ఎంత నష్టం చేస్తుందో లోకం తెలుసుకున్నది మన దేశంలోనే. బ్రిటిష్ హయాంలో వానాకాలం తూటాలను గుర్రపు శాలల్లో నిల్వ చేసేవారు. ఎవరూ కాల్చకుండానే గొట్టాలు గుండును బిగించిన చోట పగిలిపోయేవి. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, వాన తేమ, సాగదీసినప్పటి నుంచి ఇత్తడిలో మిగిలిపోయిన బిగువు, ఈ మూడూ కలిసి చేసిన పని అదని 1921లో మూర్, బెకిన్సేల్, మాలిన్సన్ అనే పరిశోధకులు వివరించారు. దీనికి సీజన్ క్రాకింగ్ అని పేరు. అందుకే రీలోడింగ్ చేసేవారు అమ్మోనియా ఉన్న పాలిష్‌లను దగ్గరికి రానివ్వరు. మన ఇళ్లలో చింతపండుతో బిందెలు తోమినట్టే, వారు పల్చని సిట్రిక్ ఆమ్లంతో గొట్టాలు కడుగుతారు. ఎక్కువసేపు నానబెడితే తుత్తునాగం కరిగిపోయి ఇత్తడి గులాబీ రంగు తిరుగుతుంది, అది బలం తగ్గిన ఇత్తడి.

ఆఖరి పరీక్ష

డై ఎంత జాగ్రత్తగా బిగించినా గొట్టానికి ఒక వయసు ఉంటుంది. కుదించి కాల్చిన ప్రతిసారీ ఇత్తడి కొద్దికొద్దిగా మెడ వైపు పాకి పొడవు పెరుగుతుంది. .308 గొట్టం 2.015 అంగుళాలు దాటితే మెడ కొసను కోసి 2.005కు తెస్తారు. కోసిన ఆ చెక్కు ఎక్కడి నుంచో వచ్చిందే, పొట్ట గోడ అంత పల్చబడినట్టే.

ఆ పల్చదనాన్ని కనిపెట్టే పరికరం ఒక పేపర్ క్లిప్. దాన్ని తిన్నగా చేసి, కొసను చిన్న కొక్కెంలా వంచి, మొన సాన పట్టి, గొట్టం లోపలికి అడుగుదాకా దించుతారు. కొసను గోడకు ఆనించి మెల్లగా పైకి లాగాలి. మంచి గొట్టంలో అది నున్నగా జారుతుంది. చెడుతున్న గొట్టంలో అడుగుకు పావు అంగుళం పైచిలుకు ఎత్తులో ఒక గాడిలో పడి ఆగుతుంది, కంటికి కనిపించని గాడి వేలికి తెలుస్తుంది. తర్వాత బయటినుంచి అదే ఎత్తులో చూస్తే, సన్నని మెరిసే గీత ఒకటి గొట్టం చుట్టూ తిరిగి ఉంటుంది. ఆ గీత కనిపించిన గొట్టాన్ని మిగతావాటితో మళ్లీ కలిసిపోకుండా, అక్కడికక్కడే మెడను పటకారుతో నొక్కి చదును చేసి, పాత ఇత్తడి డబ్బాలో పడేయాలి.